లోచ్‌సా లోయలో వేడినీటి బుగ్గలు: అమ్మానాన్నలను తీసుకొని వెళ్ళవచ్చా?

బెల్వ్యూ బాటసారి (జూన్ 4)

అందరికీ నమస్కారం. మేము సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటున్నాము. మా అమ్మానాన్నలు నరసరావుపేట నుంచి వచ్చి ఆగస్టు చివరి వరకు మాతో ఉంటారు. బదరీనాథ్ యాత్రలో తప్తకుండంలో స్నానం చేసినప్పటి నుంచి నాన్నగారికి వేడినీటి బుగ్గలంటే విపరీతమైన ఇష్టం ఏర్పడింది. ఇక్కడి అడవులలో కూడా అటువంటివి ఉన్నాయని నేను నోరు జారి చెప్పినందువల్ల ఇప్పుడు రోజూ "ఎప్పుడు వెళ్దాం?" అని అడుగుతున్నారు.

కొలరాడోలో ఉన్న స్నేహితుడు కొనండ్రమ్ బుగ్గల గురించి గొప్పగా చెప్పాడు గానీ, ఒక వైపే ఎనిమిదిన్నర మైళ్ళు నడవాలని తెలిసి ఆ ఆలోచన మానుకున్నాను. ఐడహో రాష్ట్రంలో లోచ్‌సా నది లోయలో ఉన్న జెర్రీ జాన్సన్ అనే బుగ్గలకు నడక తక్కువని చదివాను. నాన్నగారికి 68 ఏళ్ళు, బి.పి. మాత్రలు వేసుకుంటారు. అమ్మకు 63, పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. మా పాపకు ఆరేళ్ళు. జులైలో వెళ్ళవచ్చా, బుగ్గల పక్కనే గుడారం వేసుకోనిస్తారా, అక్కడివారు ఎటువంటి బట్టలతో నీళ్ళలో దిగుతారు, ఈ మూడు విషయాలూ ముందుగా తెలుసుకోవాలని ఉంది.

బాయిసీ వాసి (జూన్ 4)

బాటసారి గారూ, కొనండ్రమ్‌ను వదులుకొని మంచి పని చేశారు. అది ఆస్పెన్ ఊరికి దగ్గరలో, వైట్ రివర్ జాతీయ అరణ్యంలోని రక్షిత వన్యప్రాంతంలో 11,200 అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తులో పల్నాడు జిల్లా నుంచి వచ్చిన పెద్దవారు నడవడం మాట అటుంచి, ఊపిరి తీసుకోవడమే కష్టం. జనం విపరీతంగా పెరిగి, చెత్తా మలమూత్రాలూ పేరుకుపోయినందువల్ల 2018 నుంచి అక్కడ రాత్రి బస చేయడానికి ముందుగా అనుమతి తీసుకోవలసి వస్తోంది. ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండి దాచుకోవడం కూడా తప్పనిసరి. 2012లో ఆ బుగ్గల దగ్గరున్న ఒక పాత కేబిన్‌లో చలికాలపు మంచుకు తలదాచుకున్న ఆవులు అక్కడే చనిపోయి గడ్డకట్టిపోతే, వాటిని పేలుడు పదార్థాలతో తొలగించాలా అని కూడా అటవీశాఖవారు ఆలోచించారు. కారు పోని చోట ప్రతి పనీ ఎంత కష్టమో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ కథే చెబుతుంటాను.

ఇక జెర్రీ జాన్సన్ సంగతి. మోంటానాలోని మిస్సూలా నుంచి లోలో అనే ఊరి మీదుగా 12వ నంబరు హైవే పట్టుకొని లోలో కనుమ ఎక్కాలి. కనుమ ఎత్తు 5,233 అడుగులు, అక్కడే మోంటానా ముగిసి ఐడహో మొదలవుతుంది. అక్కడి నుంచి లోచ్‌సా నది వెంట పడమరకు దిగుతూ సుమారు 22 మైళ్ళు వస్తే 152వ మైలురాయి దగ్గర కారు ఆపుకొనే చోటు కనిపిస్తుంది. రోడ్డు దాటి, నది మీద ఉన్న వేలాడే వంతెన ఎక్కి, వార్మ్ స్ప్రింగ్స్ అనే వాగు పక్కన దేవదారు చెట్ల నీడలో సుమారు ఒక మైలు నడిస్తే మొదటి గుంటలు వస్తాయి. బాట చాలావరకు చదునుగానే ఉంటుంది. వంతెన మాత్రం అడుగులు వేస్తుంటే ఊగుతుంది కనుక అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

గుంటలు మూడు చోట్ల ఉన్నాయి. మొదటివి వాగు ఒడ్డునే, రాళ్ళ మధ్య ఉంటాయి. మంచు కరిగే మే, జూన్ నెలలలో వాగు పొంగి వాటిని పూర్తిగా ముంచేస్తుంది, ఆ నీరు ఒళ్ళు కొయ్యబారేంత చల్లగా ఉంటుంది. కొంచెం పైకి వెళ్తే రెండో వరుస, ఇంకా పైన పచ్చిక మధ్యలో మూడోది వస్తాయి. మూడోది వాగుకు దూరంగా ఉన్నందున కాలంతో సంబంధం లేకుండా వేడిగా ఉంటుంది, కానీ దాని అడుగు బురదగా ఉంటుంది. జులై రెండో వారం దాటాక వెళ్తే వాగు తగ్గి మొదటి గుంటలు కూడా తేలతాయి.

బుగ్గల దగ్గర గుడారాలకు అనుమతి లేదు. ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు మాత్రమే అక్కడ ఉండాలి. హైవే మీద పడమరకు రెండు మైళ్ళ దూరంలో అదే పేరుతో అటవీశాఖవారి క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఇంకొక చిన్న చిక్కు కూడా ఉంది. కనుమ దాటగానే గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. మోంటానా సమయం చూసుకొని ఒకసారి మేము గంట ముందే తట్టాబుట్టా సర్దుకొని వచ్చేశాము.

రెంటచింతల (జూన్ 5)

మా ఊళ్ళో మే నెలలో ట్యాంకు కింద కుళాయి తిప్పితే చాలు, తప్తకుండమే. దానికోసం ఐడహో దాకా వెళ్ళడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అయినా నేనూ అక్కడికి వెళ్ళాను. బాయిసీ వాసి గారు చెప్పిన 8 గంటల నియమం కాగితం మీదిదేనని నా అభిప్రాయం. మేము నలుగురం అర్ధరాత్రి వెన్నెలలో వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాము, ఒక్క మనిషి కూడా కనబడలేదు. చుట్టూ పొగలా లేచే ఆవిరి, పైన పాలపుంత. పగలు వెళ్తే మీకు కనిపించేది వరుసలో నిలబడ్డ జనమే.

కొండగుర్తు (జూన్ 5)

రెంటచింతల గారూ, ఆ నియమం ఎందుకు వచ్చిందో ఒకసారి ఆలోచించండి. రాత్రిళ్ళు తాగి వచ్చిన గుంపులు సీసాలు పగలగొట్టడం, గాజుముక్కలు గుంట అడుగున ఉండిపోవడం, చీకట్లో చెట్ల చాటున మలవిసర్జన చేయడం వల్ల ఎన్నో బుగ్గల దగ్గర ఇటువంటి ఆంక్షలు వచ్చాయి. మీ నలుగురూ పెద్దమనుషులే కావచ్చు. మీరు రాసినది చదివి వెళ్ళే తరువాతి నలభై మంది కూడా అలాగే ఉంటారని మీరు పూచీ ఇవ్వగలరా? పైగా ఆరేళ్ళ పాపతో, కళ్ళు సరిగా ఆనని పెద్దలతో వెళ్ళేవారు అడిగిన ప్రశ్నకు అర్ధరాత్రి సలహా ఇవ్వడం సబబు కాదు.

రెంటచింతల (జూన్ 5)

వారికి ఇచ్చిన సలహా కాదు, నా అనుభవం చెప్పాను. గాజుముక్కల మాట మాత్రం నిజమే. తిరిగి వచ్చేటప్పుడు మాలో ఒకరి కాలు తెగింది.

భద్రగిరి (జూన్ 6)

భద్రాచలానికి దగ్గరలో గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరు ఉంది. చిన్నప్పుడు మా తాతగారు అక్కడి ఇసుకలో చేత్తో చెలమ తవ్వి, ఊరిన వేడినీటిని మా కాళ్ళమీద పోసేవారు. పక్కనే నది చల్లగా పారుతుంటే ఇసుక కింద నుంచి వేడినీరు ఎలా వస్తుందని అడిగితే రాములవారి మహిమ అనేవారు. మణుగూరు వైపు పగిడేరులోనూ బోరు వేస్తే వేడినీరు ఉబికి వచ్చింది. అక్కడ దగ్గరలో అగ్నిపర్వతం ఏదీ లేదు.

లోచ్‌సా లోయలో కూడా అంతే. అగ్నిపర్వత ప్రాంతమైన ఎల్లోస్టోన్‌లాగా ఇక్కడ కింద మరిగే శిలాద్రవం ఉందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. మధ్య ఐడహో అంతా ఒక పెద్ద గ్రానైట్ రాతిగుట్ట. వానా మంచూ కరిగిన నీరు ఆ రాతి పగుళ్ళ గుండా చాలా లోతుకు ఇంకుతుంది. భూమిలోకి కిలోమీటరు దిగినకొద్దీ ఇంచుమించు 25 నుంచి 30 సెల్సియస్ డిగ్రీల వేడి పెరుగుతుంది కాబట్టి, ఆ లోతులో కాగిన నీరు ఏదో ఒక పెద్ద పగులు దొరికిన చోట త్వరగా పైకి వచ్చేస్తుంది. దారిలో చల్లారేంత సమయం ఉండదు. గుండాలలో మా తాతగారి చెలమకూ ఇదే లెక్క వర్తిస్తుందని ఇంజనీరింగు చదివాక గాని నాకు అర్థం కాలేదు. తాతగారికి చెప్పే ధైర్యం మాత్రం చేయలేదు.

ఇంకొక హెచ్చరిక. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు, అక్కడి వేడిగుంటలలో దిగడం నేరం, ప్రాణాంతకం కూడా. ఇవి జాతీయ అరణ్యాలు, వ్యవసాయశాఖ కింద ఉండే అటవీశాఖ చూసుకుంటుంది, కనుక చాలాచోట్ల దిగనిస్తారు. దిగనిస్తున్నారంటే ఎవరో వచ్చి వేడి కొలిచి వెళ్తున్నారని మాత్రం అనుకోకండి. అక్కడ కాపలావాడూ ఉండడు, రెయిలింగూ ఉండదు.

వైద్యురాలు (జూన్ 6)

నేను దక్షిణ కాలిఫోర్నియాలో వైద్యవృత్తిలో ఉన్నాను. ఇవి సాధారణమైన మాటలే, మీ పెద్దవారిని చూసే డాక్టరును తప్పకుండా అడగండి.

ముందుగా అమ్మగారి గురించి. పదిహేనేళ్ళ షుగరు ఉన్నవారిలో చాలామందికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటుంది. నీరు కాలుతున్నా వారికి తెలియదు, బొబ్బ లేచాక చూసుకుంటారు. అందువల్ల "కాలు పెట్టి చూడు అమ్మా" అని ఎప్పుడూ అనవద్దు. వంటింటి థర్మామీటరు ఒకటి వెంట తీసుకెళ్ళి, ఆమె కూర్చోబోయే చోటనే, అడుగు దాకా ముంచి కొలవండి. హాట్ టబ్‌లకు ఇక్కడ 104 ఫారెన్‌హీట్ డిగ్రీలు గరిష్ఠమని చెబుతారు, ఆమెకు 100 లోపు ఉంటే మంచిది. సహజమైన గుంటలో ఊట పడే మూల ఒక వేడి, వాగు కలిసే మూల ఒక వేడి ఉంటుంది. నీళ్ళలోనూ విప్పకుండా రబ్బరు అడుగు ఉన్న చెప్పులు వేయించండి. రెంటచింతల గారు చెప్పిన గాజుముక్క షుగరు ఉన్నవారి కాలికి తగిలితే అది చిన్న గాయంగా మిగలదు.

నాన్నగారికి వేడినీటిలో రక్తనాళాలు వ్యాకోచించి బి.పి. పడిపోతుంది, మాత్రల ప్రభావం దానికి తోడవుతుంది. పది పదిహేను నిమిషాలు కూర్చుని, లేచేటప్పుడు ముందు గట్టుమీద కాసేపు ఆగి, ఆ తరువాత నిలబడాలి. మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. పాపకైతే ఒళ్ళు చిన్నది కనుక పెద్దవారికంటే త్వరగా వేడెక్కుతుంది, ఐదు నిమిషాలకు ఒకసారి బయటికి తీయండి.

బెల్వ్యూ బాటసారి (జూన్ 7)

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారి మాటలు నాన్నగారికి చదివి వినిపించాను. థర్మామీటరుకు ఒప్పుకున్నారు, పదిహేను నిమిషాలకూ ఒప్పుకున్నారు. కానీ "మూడు మునకలు వేయకుండా అది స్నానం ఎలా అవుతుంది?" అని అడుగుతున్నారు. తల ముంచవద్దని ఎక్కడో చదివిన గుర్తు ఉంది. అది నిజమా, లేక అతిజాగ్రత్తా?

వైద్యురాలు (జూన్ 7)

నిజమే, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. నేగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా వెచ్చని మంచినీటిలో పెరుగుతుంది, 115 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. ఆ నీరు తాగితే ఈ జబ్బు రాదు. ముక్కులోకి వెళ్తేనే ప్రమాదం, అక్కడి నుంచి నరం వెంట మెదడుకు చేరుతుంది. చాలా అరుదైన జబ్బు. 1962 నుంచి 2023 వరకు అమెరికాలో నమోదైనవి 164 మాత్రమే. కానీ అందులో బతికినవారు నలుగురు. 2023లో నెవాడాలో ఒక సహజమైన బుగ్గలో ఆడుకున్న రెండేళ్ళ బిడ్డ దీనివల్లనే చనిపోయాడు. కేరళలో 2024లో వచ్చిన కేసుల గురించి మీ నాన్నగారు పత్రికలో చదివే ఉంటారు. మా వైపు శాన్ బెర్నార్డినో అరణ్యంలోని డీప్ క్రీక్ బుగ్గల విషయంలో కూడా ఈ అమీబా గురించి హెచ్చరికలు ఉన్నాయి.

ప్రతి గుంటలోనూ అది ఉంటుందని అనను. ఉన్నదీ లేనిదీ కళ్ళకు కనిపించదు, తల ముంచకపోతే పోయేదేమీ లేదు. పాప నీళ్ళు చిమ్ముకోకుండా, బుడుంగున మునగకుండా ఒకరు ఆమెను మాత్రమే చూసుకోవాలి.

భద్రగిరి (జూన్ 7)

నాన్నగారికి నా మాటగా చెప్పండి. కంఠస్నానం అని ఒకటి ఉన్నది కదా. ఒంట్లో బాగోలేనివారు మెడ వరకు స్నానం చేసి, తలమీద నీళ్ళు చిలకరించుకుంటే సరిపోతుందని మన పెద్దలే ఒప్పుకున్నారు. చిలకరించుకునే ఆ గుక్కెడు నీళ్ళు ఇంటి నుంచి తెచ్చిన సీసాలోవైతే డాక్టరు గారికీ అభ్యంతరం ఉండదు.

కొండగుర్తు (జూన్ 8)

బట్టల గురించి ఎవరూ చెప్పలేదు, ఆ పని నామీద పడింది. ఇటువంటి అడవి బుగ్గలలో కొందరు నగ్నంగా కూర్చుంటారు. వారు ఎవరినీ పలకరించరు, వంక పెట్టవలసిన ప్రవర్తన కూడా ఏమీ ఉండదు, కానీ అమ్మగారు హఠాత్తుగా చూసి వెనక్కి తిరిగి వంతెన వైపు నడిచే అవకాశం ఉంది. మా అత్తగారు సరిగ్గా అలాగే చేశారు. ముందే చెప్పి తీసుకెళ్ళండి. వారం మధ్యలో, ఉదయం ఏడుకు ముందు చేరుకుంటే ఒక గుంట మీకే దొరకవచ్చు. అమ్మగారు చీరతో దిగాలంటే తడిసిన చీర బరువుకు రాళ్ళమీద కాలు జారుతుంది, కనుక చుడీదారు లేదా పాత నైటీ నయం.

ఇంకొకటి, మనసు కష్టపెట్టుకోకండి. పసుపు, కుంకుమ, పూలు, కర్పూరం, నాణేలు అక్కడ వేయవద్దు. సబ్బు, షాంపూ, కుంకుడురసం కూడా వద్దు. వేడి గుంట నుంచి పొర్లిన నీరు నేరుగా వాగులోకి, అక్కడి నుంచి లోచ్‌సాలోకి పోతుంది. అది మన తప్తకుండంలా కట్టిన గుండం కాదు, రోజూ కడిగే పూజారి ఉండడు. మలవిసర్జనకు వెళ్ళవలసి వస్తే నీటికి 200 అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తీసి పూడ్చాలి, కాగితం మాత్రం సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి. మాట మోటుగా ఉన్నా అక్కడ చెప్పేవారు ఎవరూ ఉండరు గనుక ఇక్కడే చెబుతున్నాను.

వేడినీటిలో ఎంతసేపు కూర్చోవాలనే చర్చ ఈ దారిలో కొత్తది కూడా కాదు. కనుమకు అవతల మోంటానా వైపున్న లోలో బుగ్గల దగ్గర 1806 జూన్ 29న, పసిఫిక్ తీరం దాకా వెళ్ళి తిరిగివస్తున్న అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల దండు ఆగింది. తాను 19 నిమిషాలు అతికష్టం మీద కూర్చున్నానని, ఒళ్ళంతా చెమటలు పట్టాయని లూయిస్ రాసుకున్నాడు. వారి వెంట వచ్చిన స్థానిక తెగలవారు మాత్రం వేడినీటిలో కూర్చుని, పరుగెత్తి పక్కనున్న చల్లటి వాగులో దూకి, మళ్ళీ వేడినీటికే వచ్చేవారట. రాళ్ళూ కంకరా పేర్చి ఆ గుంట కట్టుకున్నది కూడా వారేనని రాశాడు. నాన్నగారి పదిహేను నిమిషాలు తక్కువేమీ కాదు.

ఒరెగాన్ చెలమ (జూన్ 8)

ఈ హైవే మీదనే మరికొంత దూరంలో ఇంకొక చిన్న గుంట ఉంది, ఆరుగురు పడతారు. దారి రాయమంటారా?

బాయిసీ వాసి (జూన్ 8)

దయచేసి రాయవద్దు. జెర్రీ జాన్సన్ పేరు ప్రతి మ్యాపులోనూ ఉంది, కారు నిలుపుకొనే చోటు ఉంది, పదిమంది వెళ్ళినా తట్టుకుంటుంది. ఆరుగురు పట్టే గుంటకు అరవై మందిని పంపితే ముందు ఏటవాలు కోసుకుపోతుంది, తరువాత కంచె వస్తుంది. అడవిలో తిరుగుతూ తనంతట తాను చూసుకున్నవాడికి దొరకనివ్వండి.

రెంటచింతల (జూన్ 8)

అదెక్కడి న్యాయం? మనకు మాత్రం ఎవరో చెబితేనే కదా తెలిసింది.

బాయిసీ వాసి (జూన్ 9)

నాకు చెప్పినాయన వెంటబెట్టుకొని తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు ఇతరులు పారేసిన డబ్బాలు నాచేత ఏరించాడు. మీరూ ఎవరినైనా అలా తీసుకెళ్తే నాకు అభ్యంతరం లేదు.

బాటసారి గారికి ప్రయాణపు సంగతులు రెండు చెప్పాలి. ఆ లోయలో ఫోను పనిచేయదు. ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపగల ఫోను ఉంటే ఎలా వాడాలో ఇంట్లోనే నేర్చుకోండి. దారిలో ముందున్న 99 మైళ్ళూ మలుపులేనని బోర్డు కూడా ఉంటుంది, పెట్రోలు లోలోలోనే నింపుకోండి. బయలుదేరే ముందురోజు రేంజరు ఆఫీసుకు ఫోను చేసి కార్చిచ్చుల సంగతి కనుక్కోండి. ఆగస్టుకు వాయిదా వేస్తే పొగ వల్ల ప్రయాణం వృథా అయ్యే ప్రమాదం ఎక్కువ.

బెల్వ్యూ బాటసారి (జులై 24)

వెళ్ళి వచ్చాము. మిస్సూలాలో ఒక రాత్రి ఆగి, మంగళవారం తెల్లవారుజామున చీకటితోనే బయలుదేరి ఏడు లోపల వంతెన దగ్గరకు చేరుకున్నాము. గంట కలిసి వచ్చే సంగతి చెప్పిన బాయిసీ వాసి గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. వంతెన ఊగుతుందని అమ్మ భయపడుతుందనుకుంటే ఆమె పాప చెయ్యి పట్టుకొని ముందు దాటేసింది, మధ్యలో ఆగిపోయింది నాన్నగారు.

మొదటి గుంటలు తేలి ఉన్నాయి. థర్మామీటరు ఊట దగ్గర 108, నాలుగడుగుల అవతల వాగు నీరు కలిసే చోట 97 చూపించింది. ఆ తేడా కళ్ళారా చూసేదాకా డాక్టరు గారు మూల మూలా కొలవమనడం నాకు చాదస్తంగానే అనిపించింది. అమ్మను 97 దగ్గర కూర్చోబెట్టాము. చెప్పులు విప్పనని తానే పట్టుబట్టింది.

నాన్నగారు నరసరావుపేట నుంచి తెచ్చుకున్న రాగిచెంబు బయటికి తీశారు. మెడ వరకు నీళ్ళలో కూర్చుని, సంకల్పం చెప్పుకొని, సీసాలోని ఇంటి నీళ్ళు చెంబులో పోయించుకొని మూడుసార్లు నెత్తిన చిలకరించుకున్నారు. పై గుంట నుంచి దిగుతున్న ఒక ముసలాయన, నిండుగా దుస్తులు ధరించే ఉన్నాడు, ఆగి ఇదేమిటని అడిగాడు. ఈ అమీబా భయానికి మా శాస్త్రంలో ముందే విరుగుడు ఉందని నాన్నగారు తెలుగులో చెప్పారు, నేను కొంత తగ్గించి అనువదించాను. ఆయన తన సంచిలోంచి ముక్కుకు పెట్టుకునే క్లిప్పు తీసి చూపించి నవ్వాడు.

పదమూడో నిమిషంలో నాన్నగారికి కళ్ళు తిరిగినట్టు అనిపించింది. గట్టుమీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగిస్తే ఐదు నిమిషాలలో తేరుకున్నారు. మళ్ళీ దిగుతానన్నారు గానీ అమ్మ చెంబు లాక్కుంది. తొమ్మిదికి జనం రావడం మొదలైంది, మేము వచ్చేశాము. తిరుగుదారిలో పాప మూడు బీరు డబ్బాలు, ఒక సాక్సు ఏరింది.

రెంటచింతల (జులై 24)

సంతోషం. చలికాలంలో మంచు పడుతుండగా ఒకసారి వెళ్ళండి, పగలే.

బాయిసీ వాసి (జులై 25)

చలికాలమైతే కారుకు మంచు టైర్లు, బూట్లకు మేకుల పట్టీలు ఉండాలి. ఆ వంతెన మీద మంచు గడ్డకడుతుంది. అమ్మానాన్నలను ఊరికి పంపించాకే వెళ్ళండి.